రెండు గీతలు కలిసిన చోట

పేటలో ఆయన్ని తేనె తాత అంటారు. ఏడాదికి మూడు నెలలు కొండచరియ మీంచి తాడు పట్టుకుని దిగి తేనె తీస్తాడు. మిగతా తొమ్మిది నెలలు వాకిట్లో కూర్చుని ఆ తాళ్ళే పేనుకుంటాడు. కొడుకు ఈ పనికో దణ్ణం పెట్టి బస్సు డిపోలో మెకానిక్‌గా చేరిపోయాడు. ఇక మిగిలింది ఎనిమిదో తరగతి చదివే మనవరాలు. ఆ పిల్లకేమో తాత చొక్కాకుండే పొగ వాసనంటేనే ఒళ్ళుమంట. తనతోపాటే ఈ విద్య మట్టిలో కలిసిపోతుందని తాత బెంగ.

అలాంటి రోజుల్లో సైన్సు టీచరమ్మ ఇంటికొచ్చి, మీకు తెలిసింది మా పిల్లలకు చెప్పండి పెద్దయ్యా అంది. ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో ముందే అడిగి నోటుబుక్కులో రాసుకుంది. చదువుకున్నవాళ్ళు తేనె అసలుదేనా అని అడగడమే గాని, ఇలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. అన్నీ చెబుతాను, తేనెపట్లుండే చరియ పేరు మాత్రం చెప్పను అన్నాడు తాత. పట్టులో ఈగ పిల్లలు పెరిగే పిల్లగూడు ముట్టుకోకుండా తేనె ఉన్న మూల ఒక్కటే కోయడం ముందు చేతికి రావాలి. చోటు ఆ తర్వాతే. అదీ వెంట తీసుకెళ్ళి చూపించాల్సిందే తప్ప నోటితో చెప్పేది కాదు.

కోడలు ఉతికిచ్చిన చొక్కా తొడుక్కుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక క్లాసులో బల్లల మధ్య నిలబడ్డాడు. వెనక బెంచీలో మనవరాలు తల దించుకుంది. తేనెటీగలు కుట్టవా తాతా అని ఎవరో అడిగారు.

"ఎందుకు కుట్టవు? కుట్టడం వాటి వంతు, వాచిపోవడం నా వంతు."

క్లాసంతా నవ్వింది. మనవరాలూ నవ్వి తలెత్తింది. ఆ తల మళ్ళీ దిగకుండా చూడాలనిపించింది తాతకు. అందుకే, పట్టు ఎక్కడుందో ఎలా కనుక్కుంటావని అడిగితే దాచకుండా చెప్పేశాడు. చెలమ దగ్గర నీళ్ళు తాగే ఈగ వీపున పిండి అద్దాలి. కడుపు నిండిన ఈగ వంకర్లు పోదు, తిన్నగా ఇంటికే పోతుంది. ఆ దిక్కు గుర్తుపెట్టుకోవాలి. ఇంకో చెలమ దగ్గరా అలాగే చూడాలి. రెండు దారులూ కలిసిన చోటే పట్టు.

ఇది మన జ్యామితే కదర్రా అని టీచరమ్మ పొంగిపోయింది. రెండు శనివారాలు పిల్లల్ని చెలమల దగ్గరికి తీసుకెళ్ళి దిక్సూచితో కొలిపించింది. పిండి అద్దింది తాతే. చుట్టుపక్కల కొండలన్నీ ఉన్న పెద్ద పటం మీద రెండు గీతలు గీశారు. అవి కలిసిన చోట మనవరాలు ఎర్ర చుక్క పెట్టింది. చరియ పేరు ఎవరూ రాయలేదు, ఇచ్చిన మాట మాటే. ఈ విద్య తేనె తాతదనీ, ఆయన అనుమతితో నేర్చుకున్నామనీ కింద రాశారు. అక్షరం ముక్క రాని తాతకు పటమంటే రంగుల కాగితమే. చూసి మురిసిపోయాడు.

బడిలో ప్రదర్శన రోజు వచ్చినవాళ్ళంతా పటాన్ని ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. మనవరాలు అందరికీ మా తాత, మా తాత అని చెప్పుకుంది. ఇంటికొచ్చాక, ఈసారి నేనూ దిగుతా అంది. ఆ రాత్రి తాతకు అన్నం సహించలేదు, సంతోషంతో.

పది రోజుల తర్వాత ఇద్దరూ చరియకు వెళ్ళారు. పదకొండు పట్లలో ఒక్కటీ లేదు. పిల్లగూళ్ళతో సహా ఎవరో గోకేశారు. మంట పెట్టినందుకు రాయంతా మసి. కింద గడ్డిలో తెల్లటి పిల్లపురుగుల్ని చీమలు ఈడ్చుకుపోతున్నాయి.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. ఎవరు చేశారో ఆవిడకూ తెలియలేదు. ఆ ఫొటో ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు.

"పేరు రాయకపోతే చాలనుకున్నాను పెద్దయ్యా. చుక్క అంతకన్నా సూటిగా చెబుతుందని నాకు తట్టలేదు. తట్టాల్సింది నాకే."

తాత ఆవిణ్ణి ఏమనగలడు? అడిగే అన్నీ చేసింది. పోనీ ఎవణ్ణయినా తిడదామంటే ఎదురుగా మనిషి లేడు. కూర్చోమ్మా అన్నాడు.

ఆవిడ వెళ్ళాక మనవరాలు పక్కన చేరింది.

"చుక్క పెట్టింది నేనే కదా తాతా?"

ఆయన సగం పేనిన తాడు ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఈగలు మళ్ళీ వస్తాయా?"

"మసి పట్టిన రాతికి రావు."

"మసి ఎప్పటికి పోతుంది?"

అరవై ఏళ్ళలో అలాంటి రాయి ఆయన చూసి ఉంటే కదా. తెలీదమ్మా అన్నాడు. ఆ పిల్ల నమ్మలేదు. నీకు తెలుసు, చెప్పు తాతా అంటూ మోచెయ్యి పట్టుకుని కుదుపుతూనే ఉంది.