ఎడమకా! నా సర్వీసులోనా!

మా కాలేషా గారు నిర్ఘాంతపోవడంలో దిట్ట. మామూలు మనుషులు ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో నిర్ఘాంతపోతారు. ఈయన పొద్దున్న కొట్టు తెరిచిన దగ్గర్నుంచి మొదలుపెడతారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల ధర పెరిగిందంటే నిర్ఘాంతపోతారు. తగ్గిందన్నా అంతే. "రేపు ఆదివారం కదండీ" అని ఓసారి యథాలాపంగా అన్నాను. "యా అల్లా! అప్పుడేనా!" అని గుండె మీద చెయ్యేసుకుని స్టూలు మీద కూలబడ్డారు.

ఆకివీడు స్టేషను రోడ్డులో ఆయనది ఎయిర్ గన్నులు బాగుచేసే కొట్టు. పక్కది నా జిరాక్సు కొట్టు. "స్నేహలతమ్మా, మంచినీళ్ళు!" అన్న కేక వినబడిందంటే కాయితాలు మిషన్లోనే వదిలేసి సీసా పట్టుకుని పరిగెత్తాలి. ఈ ఇరవయ్యేళ్ళలో నేను జిరాక్సులు తీసినదానికంటే ఆయన చేత నీళ్ళు తాగించిందే ఎక్కువ.

గన్నులనగానే వేట అనుకుని కంగారు పడకండి. కొల్లేరు చుట్టుపక్కల పక్షిని కొడితే కేసే. నీటికాకులూ గూడబాతులూ చేపల చెరువు మీద వాలినప్పుడు, పక్కన నీళ్ళలోకి ఓ గుండు పేల్చి బెదరగొట్టడానికి రైతులు వీటిని కొనుక్కుంటారు. కనీసం కొనేటప్పుడు అలాగే చెబుతారు. అందరివీ డేగ బొమ్మున్న కంపెనీ గన్నులే. ఆ కంపెనీ సర్వీసు బోర్డు మా ప్రాంతం మొత్తానికి కాలేషా గారి కొట్టుకే ఉండేది. రోజూ ఆ బోర్డు తుడిచాకే ఆయన టీ తాగేవారు.

డేగ గన్నుకి ఎంత పేరుందో, దాని లోపానికీ అంత పేరుంది. గుండు ఎడమకి పోతుంది. గణపవరం రైతు వెంకట్రాజు గారు దీనికోసం నెలకోసారి వచ్చేవారు.

"ఏవండీ కాలేషా గారూ, జానెడు ఎడమకి పోతోందండీ."

"ఎడమకా!" స్టూలు. "డేగ గన్నా! నా సర్వీసులోనా!" గుండె మీద చెయ్యి. "స్నేహలతమ్మా, మంచినీళ్ళు!"

పెద్దాయన అలా కూలబడిపోతే ఎవరికి మాత్రం తగువాడబుద్ధేస్తుంది? వెంకట్రాజు గారే నా చేతిలో అట్టముక్క లాక్కుని విసురుతూ, "పోన్లెండి బాబూ, నా చెయ్యే వణికుంటుంది" అని సముదాయించి వెళ్ళిపోయేవారు.

కిందటి జూన్లో పిడుగు పడింది. పేరు పలకడానికి రెండు గుక్కలు పట్టే విదేశీ కంపెనీ ఏదో డేగ కంపెనీని కొనేసింది. వాట్సాప్‌లో వార్త రాగానే చెరువుల మీదున్న రైతులంతా మోటారు సైకిళ్ళేసుకుని మా వీధిలోకి వచ్చి పడ్డారు.

"అమ్మేశారా! మమ్మల్ని ఒక్కమాట అడగొద్దాండీ?" అన్నారు వెంకట్రాజు గారు, తనకి చెప్పకుండా మేనకోడలి పెళ్ళి కుదిర్చేసినట్టు.

"డేగ బొమ్మ తీసేసి తోడేలు బొమ్మ వేస్తారంటండీ! తోడేల్ని చూసి నీటికాకి భయపడుద్దాండీ?" అన్నారు ఇంకొకాయన.

"నాది పాత గన్నండీ. వాళ్ళొచ్చి పట్టుకుపోరు కదండీ?" అంటూ మూడో ఆయన గన్నుని తువ్వాల్లో చుట్టేసుకున్నారు.

కాలేషా గారు ఆ రోజు తొమ్మిదిసార్లు కూలబడ్డారు. నా సీసా రెండుసార్లు నింపాల్సొచ్చింది.

వారానికి కొత్త కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చదివిపెట్టింది నేనే. ఇంజనీరు వచ్చి పాత గన్నులన్నీ ఉచితంగా పరీక్షిస్తాడట. సర్వీసులో లోపం తేలితే బోర్డు తీసేస్తారట. కాలేషా గారు "యా అల్లా" అనలేదు. స్టూలు వైపు చూడలేదు. నేనే నీళ్ళు తెచ్చిస్తే తాగకుండా సీసా పట్టుకుని నిలబడిపోయారు. నాకు మొదటిసారి ఆయన్ని చూసి భయమేసింది.

వచ్చిన ఇంజనీరు ఉదయ్ కిరణ్ అని, మన పెదపాడు అబ్బాయే. వీధి చివర మట్టి బస్తాలకి గురి కాగితం అతికించి, ఇరవై మూడు గన్నులూ పేల్చి చూశాడు. ఇరవై మూడూ జానెడు ఎడమకే పోయాయి. అందరూ కంపెనీని తిట్టడం మొదలెట్టారు. ఆ అబ్బాయి పెట్టె విప్పి కొత్త డేగ గన్ను తీసి పేల్చాడు. గుండు నట్టనడుమ దిగింది. అప్పుడు ఒక పాత గన్ను ఎత్తి, గొట్టం చివర గురి చూసుకునే చిన్న మొనని కళ్ళు చికిలించి చూశాడు.

"బాబాయ్ గారూ, దీన్నెవరో పటకారుతో వంచారండీ. ఇవన్నీ అలాగే..."

"నేనేనండీ" అన్నారు కాలేషా గారు.

వీధి వీధంతా నిర్ఘాంతపోయింది. నిర్ఘాంతపోని మనిషి ఆయనొక్కరే. స్టూలు ఖాళీగా ఉండటంతో వెంకట్రాజు గారు దాని మీద కూలబడ్డారు.

"పదేళ్ళండీ! నా చెయ్యే మంచిది కాదనుకున్నానండీ! ఏలూరెళ్ళి కళ్ళద్దాలు మార్పించుకున్నానండీ! రెండుసార్లు!"

కాలేషా గారు తలొంచుకున్నారు. "చెరువు కాపలా వరదానం గుర్తున్నాడాండీ? అప్పట్లో ఆ గన్ను బాగుచేసిచ్చింది నేనే. సూటిగా, దారం పట్టినట్టు పోయేది. ఓ రోజు గూడబాతుకి తగిలింది. చెరువు రైతుది, గన్ను రైతుది, జైలు మాత్రం వరదానానికి. పదిహేను రోజులండీ. బెయిలు కాయితాలు పట్టుకుని వాళ్ళావిడ నా కొట్టు ముందు నుంచే వెళ్ళేది. మీరంతా బెదరగొట్టడానికే అంటారు కదండీ. దానికి గురెందుకులే అని వంచేశాను."

ఆ బెయిలు కాయితాలు జిరాక్సు తీసింది నేను. నాకు రాని ఆలోచన ఈయనకొచ్చింది. పైగా పదేళ్ళు దాన్ని నా మంచినీళ్ళతోనే కప్పిపెట్టారు.

కంపెనీ రూలు కంపెనీదే. ఉదయ్ కిరణ్ గన్నులన్నీ సరిచేసి, మొహమాటపడుతూనే బోర్డు విప్పి పట్టుకుపోయాడు. వెంకట్రాజు గారు స్టూలు మీంచి లేచి గన్ను భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న కాలేషా గారు అలవాటు చొప్పున గుడ్డ పట్టుకుని బయటికొచ్చి, తుడవడానికి బోర్డు లేక, మేకులు తుడిచి లోపలికెళ్ళారు. ఐదు రోజులు ఆ కొట్టుకి ఒక్క గన్నూ రాలేదు. "బాబాయ్ గారూ, గూడెంలో ఉల్లిపాయలు పెరిగాయటండీ!" అని చెప్పి చూశాను.

"పెరుగుతాయమ్మా" అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆరో రోజు వెంకట్రాజు గారు వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"ఏవండీ... సూటిగా పోతోందండీ."

కాలేషా గారు తలెత్తారు.

"పదేళ్ళ అలవాటండీ. ఎలాగూ పక్కకి పోతుంది కదాని గూడబాతు మీదకే గురిపెట్టాను. రెక్క మీద ఈక ఎగిరిపోయిందండీ! పక్షి బతికే ఉంది, నాకే ప్రాణం పోయింది. మా కాపలా మనిషి ఇక ఆ గన్ను ముట్టుకోనంటున్నాడు. పాతలాగే చేసి పెట్టండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

ఆయన వెనకాల చూద్దును కదా, ఇంకో ఆరుగురు. అందరి చంకల్లోనూ తువ్వాళ్ళలో చుట్టిన గన్నులే.

కాలేషా గారి కళ్ళు ఇంతింత అయ్యాయి.

"వంచాలా! ఎడమకా!" స్టూలు. "నా సర్వీసులోనా! స్నేహలతమ్మా, మంచినీళ్ళు!"

సీసా పట్టుకుని పరిగెత్తాను. ఒక చెయ్యి గుండె మీద ఉంది. రెండో చెయ్యి అప్పటికే బల్ల మీద పటకారు వెతుకుతోంది.