బావి గోడలో చిలుకలు

ఏసీ గొట్టం కోసం గోడకు కొట్టించిన కంతలోకి మొన్న ఉదయం ఒక రామచిలుక తల దూర్చింది. కడపలో మా మేడమీద గదికి ఆ ఏసీ ఇంకా రాలేదు, కంత మాత్రం ముందే వచ్చింది. అద్దెకు ఇల్లు చూడవచ్చినదానిలా చిలుక మెడ వంచి లోపలంతా పరికించి, కీచుమని ఎగిరిపోయింది. నాకు కమలాపురం దగ్గర మా పెదనాన్న బావి గుర్తొచ్చింది.

రాతికట్టు బావి. బోర్లు వచ్చాక నీళ్లు అడుగంటాయి గాని, గోడ రాళ్ల సందుల్లో చిలుకలు కాపురాలు మానలేదు. మా ఎండల సీమలో లావుపాటి చెట్లు తక్కువ, తొర్రలు ఇంకా తక్కువ. చల్లటి ఆ బొక్కలే వాటికి ఇళ్లు. పైన చేలో పొద్దుతిరుగుడు గింజ పాలుపట్టిందంటే అవే చిలుకలు గుంపుగా దిగి, పువ్వులకు తలకిందులుగా వేలాడుతూ ఒలుచుకు తినేవి. పెదనాన్న పొద్దస్తమానం రేకుడబ్బా వాయిస్తూ వాటిని ఏడు తరాలూ కలిపి తిట్టేవాడు. అదే మనిషి బావి గట్టుకు వస్తే గొంతు తగ్గించేవాడు. చేలో ఉన్నంతసేపే దొంగలు, బావిలో బాలింతలు. పిల్లలను పట్టడానికి ఎవరైనా మోకు తెస్తే ఆ డబ్బా వాళ్ల వీపుమీద మోగేది.

ఒక ఏడు దూడ ఆ బావిలో పడి చచ్చింది. పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, పూడ్చేద్దామని జేసీబీ తెచ్చాడు. గూళ్లలో అప్పుడు పిల్లలున్నాయి. పెదనాన్న పోయి బండికి అడ్డంగా గట్టుమీద కూర్చున్నాడు.

“రెక్కలు రానీండప్పా. అంతవరకూ బాయి జోలికి రావాకండి.”

“చేను తినేవాటికి కాపలా ఏంది నాయనా?” అన్నాడు అన్న.

“చేన్లో నేను తరుముకుంటా. ఈడ మాత్రం వద్దు.”

జేసీబీ వెనక్కి పోయింది. ఎండలు ముదిరి, ఆఖరి పిల్ల కూడా ఎగిరాక పెదనాన్నే కబురు పెట్టి బావి పూడ్పించాడు. చేయవలసింది చేశానని తృప్తి పడ్డాడు. మేమూ పడ్డాం.

మరుసటేడు చిలుకలు జంటలుగా వచ్చాయి. చదును చేసిన మన్నుమీద అరుస్తూ తిరిగాయి, దిగాయి, మళ్లీ లేచాయి. పెదనాన్న చేతిలో డబ్బా ఉండీ మోగలేదు.

“పిల్లల సంగతే చూస్తిని గానీ, తల్లి మల్లా ఈడికే వస్తాదని తోచల్యా,” అన్నాడు.

ఆ ఏడు చేనుకు కాపలా లేదు. పంట పోతోందని పెద్దమ్మ గోల పెడితే, “ఇల్లు పాయ, తిండన్నా తిననీ” అన్నాడొకసారి.

ఏసీ బిగించేవాడు నిన్న ఫోన్ చేశాడు. ఈ వేసవికి ఏసీ వద్దు, ఆ కంత చిలుకకే ఉండనీ అన్నాను. ఏడాది తిరిగిందంటే మనం ముందుకు పోయామనుకుంటాం. చిలుకకు ఏడాది తిరగడమంటే ఇంటికి రావడమే.