ఏడుకొండలుకి గొంతున్న ఆఖరి ఆదివారం

మాది కొవ్వూరు. నేను చదివింది ఊరి బడిలోనే. తర్వాత పద్యనాటకాలకి హార్మోనియం వాయించుకుంటూ బతికాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను. మా వీధిలో ఉండే శిరీష హైస్కూల్లో తెలుగు టీచరు. పాత నాటకంలోని ఒక రంగం అక్కడి పిల్లలకి పాఠంగా ఉంది. యుద్ధంలో కొడుకు చనిపోయాడని విని, ముసలిరాజు చీకట్లో శవాన్ని వెతుక్కుంటూ వస్తాడు. "పద్యం చదివి అర్థం చెబుతుంటే పిల్లలు ఆవలిస్తున్నారు బాబాయిగారూ. వాళ్ళచేత ఆడించాలనుంది. ముందు నాకే ఆడటం రాదు," అంది. ఆ రాజు వేషం మా నాటకాల్లో ఆడిన ఏడుకొండలు కట్టినట్టు ఇంకెవరూ కట్టగా నేను చూడలేదు. ఫోన్ చేస్తే వాళ్ళావిడ మంగమ్మ ఎత్తింది. గొంతులో కేన్సరట. బుధవారం ఆపరేషన్. "తర్వాత మాట ఉండదంట అన్నయ్యగారూ. ఆయనేమో టీచర్లని ఆదివారమే తీసుకురమ్మంటన్నారు. చూపిస్తే చూపించనీండి గానీ, పాడనివ్వకండి. ఉన్న నాలుగు రోజులూ నాతో మాట్లాడుకోనీండి," అంది. సరేనన్నాను.

శిరీష, ఆమెతో పనిచేసే ప్రసాదు మాస్టారు, నేను ఏడింటికి బయల్దేరాం. నేరుగా బస్సు దొరక్క తణుకులో మారాం. మనిషికి నూటపాతిక దాకా అయింది, దాదాపు మూడు గంటలు పట్టింది. భీమవరం బస్టాండు దగ్గర పెసరట్టు తిన్నాం. ఏడుకొండలు ఉండే పల్లె అక్కణ్ణుంచి సముద్రం వైపు, రొయ్యల చెరువుల మధ్య ఉంటుంది. ఆటోకి మూడొందలు. ఆటో అతను నా హార్మోనియం పెట్టె చూసి, "ఏంటండి తాతగారూ, భజనా?" అన్నాడు. నాటకం అన్నాను. "నాటకాలు ఇంకా ఎవరు చూత్తారండి! ఇక్కడ రొయ్యలు తప్ప ఎవరూ ఖాళీగా లేరు," అని నవ్వాడు. ప్రసాదు మాస్టారూ నవ్వారు. దారి పొడవునా చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి. ఎండ అప్పటికే ముదిరింది.

ఏడుకొండలు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. చేపల వేటకెళ్ళే ఇంటివాడు, వెడల్పాటి మనిషి. ఇప్పుడు చొక్కా వేలాడుతోంది. గుసగుసగా మాట్లాడాడు. మెడ నరాలు పొంగి ఒక్కో మాటా వచ్చేది. శిరీష పద్యం తీసి చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "పద్యం తర్వాత టీచరమ్మా. ముందు వెతుకు," అన్నాడు. పాత వల ఒకటి చుట్టి వాకిలి చివర వేయించాడు. అదే శవం. శిరీష చక్కా వల దగ్గరికి నడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. "అప్పుడే దొరికేశాడేంటి! అక్కడున్నాడని నీకు తెలుసు. రాజుకి తెలీదు గదా," అన్నాడు. రెండోసారి ఆమె తడుముకుంటూ వెళ్ళింది. "ఇప్పుడు దొరక్కూడదని వెతుకు. వాడు కాకూడదని ఒక్కొక్కణ్ణీ ముట్టుకో," అన్నాడు. మూడోసారి ఆమె వల దాకా వెళ్ళలేకపోయింది. మధ్యలోనే నిలబడిపోయింది. "ఇదీ. ఇక్కడ మొదలెట్టాలి పద్యం," అన్నాడతను.

"మరి అర్థం ఎప్పుడు చెప్పాలండి?" అని ప్రసాదు మాస్టారు అడిగారు.

"పిల్లలు అడిగినప్పుడు చెప్పండి. వెతికాక అడుగుతారు."

మధ్యాహ్నం మంగమ్మ చేపల పులుసు పెట్టింది. ఏడుకొండలు మాత్రం గంజి తాగాడు. తిన్నాక నా పెట్టె వైపు చూశాడు. నేను మంగమ్మ వైపు చూశాను. ఆవిడ ఎంగిలి కంచాలు తీసి బయట పెట్టి వచ్చింది. "ఒక్కసారే. మెల్లగా," అంది చివరికి. నేను బాగా కింది శ్రుతి ఇచ్చాను. అతను మంచం మీద కూర్చునే పాడాడు. గొంతు గరగరలాడింది, సగం సగం పలికింది. కానీ ముసలిరాజు గొంతు అలాగే ఉండాలనిపించింది. పాట విని చుట్టుపక్కల వాళ్ళు వీధి గుమ్మం ముందు పోగయ్యారు. పద్యం అయిపోగానే వాళ్ళలోంచి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ముసలాయన ఒకాయన చెయ్యెత్తి, "వన్స్ మోర్!" అని అరిచాడు.

మా నాటకాల్లో అది మామూలే. పద్యం నచ్చితే జనం అలా అరుస్తారు. నటుడు మళ్ళీ పాడాలి. చచ్చిపడిన వేషగాడు కూడా లేచి పాడి, మళ్ళీ చచ్చిపోతాడు. అడిగితే కాదన్న నటుణ్ణి నేను చూడలేదు.

"నీ నోరు పడిపోను, పోరా అవతలికి!" అని మంగమ్మ లేచింది. ఏడుకొండలు అప్పటికే మంచం దిగి నిలబడ్డాడు. నేను పెట్టె మీంచి చేతులు తీసేశాను. అతను నాకోసం ఆగలేదు, శ్రుతి లేకుండానే ఎత్తుకున్నాడు, అదీ పై స్థాయిలో. అలా ఒంటరిగా వదిలేయలేక శ్రుతి పట్టాను. మూడో పాదంలో గొంతు ఆగిపోయింది. నోరు కదులుతోంది, మాట లేదు. అయినా చేతులు ఆపలేదు. వంగి, తడుముతూ వల వైపు నడుస్తున్నాడు. శిరీష పక్కకొచ్చి మిగతా పద్యం చెప్పింది. పాడలేదు, మాటలుగానే చెప్పింది. అతను వల దగ్గర కూలబడ్డాడు. దగ్గు వచ్చింది. మంగమ్మ కొంగుతో మూతి తుడిచి, కొంగు మడిచేసుకుంది. ఎర్రగా ఉండటం నేను చూశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "అలవాటులో అనేశానే మంగా," అంటూ ఐసు ఫ్యాక్టరీ ఆయన గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. ఆ గొంతు మళ్ళీ రాలేదు. బుధవారం దాకా ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేకపోయాడని తర్వాత తెలిసింది.

శిరీష బడిలో ఇప్పుడు పిల్లలు బెంచీలు జరిపి వెతుకుతున్నారు. అర్థం వాళ్ళే అడుగుతున్నారట. దాన్ని ఫోన్లో వీడియో తీయించుకుని మళ్ళీ ఆ పల్లెకి వెళ్ళాను. ఏడుకొండలు మెడకి గుడ్డ కట్టుకున్నాడు, ఊపిరి ఇప్పుడు అక్కడ పెట్టిన రంధ్రంలోంచే. వీడియో మొత్తం చూశాడు. ఫోన్ నాకిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నచ్చిందో లేదో నాకు తెలీదు. విద్య ఒకరి నుంచి ఇంకొకరికి అందింది, మంచిదే అంటున్నారు అందరూ. అందింది నిజమే. మంగమ్మకి దక్కాల్సిన నాలుగు రోజులు పోయిన మాటా నిజమే.

మీ పక్క ఊళ్ళో కూడా ఇలాంటి నటులు ఉంటారు. టీచర్లు వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి. ఆడి చూపించమని అడగండి, పాడమని అడగకండి. కూర్చోబోయే ముందు మాత్రం వీధి తలుపు గడియ పెట్టుకోండి.