సమాధుల తోటలో తునికి

ఈస్టర్ తెల్లవారుజామున మా సంఘమంతా సమాధుల తోటలో ఆరాధన చేస్తుంది. ముందు వారమే సమాధులకు సున్నం వేసి, చుట్టూ పొదలు కొట్టిస్తారు. ఈసారి కొట్టించడం లేదు, గడ్డిమందు చల్లిస్తున్నారని నేను క్లాసులో ఉండగా ఫోనొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

నేను బోటనీ చెప్తాను. హసన్‌పర్తి దగ్గర ఒక బోడి గుట్ట మీద ఒకప్పుడున్న చెట్లనే మళ్లీ పెంచాలని మా విద్యార్థులతో కలిసి తంటాలు పడుతున్నాను. బీడీ ఆకులిచ్చే తునికి మొక్క ఏ నర్సరీలోనూ దొరకలేదు. మాకు తెలిసి దగ్గర్లో కాయ కాసే తునికి ఆ తోట మూలనున్నది ఒక్కటే. మనిషెత్తు ఉంటుంది. ఇంకో నెలలో పండ్లు, గుట్టకు ఆ గింజలే దిక్కు.

ఆటో దిగి ఉరికాను. భుజాన ట్యాంకు వేసుకున్నతను అప్పటికే ఆ మూల దాటేశాడు. తునికి ఆకుల మీంచి మందు కారుతోంది. అతన్ని ఆపమన్నాను. పక్కనే మా సంఘ పెద్ద తన భార్య సమాధికి సున్నం వేస్తున్నాడు.

"ఇదేం పని అంకుల్? ఎవల్నడిగి కొట్టిస్తున్నరు?"

"నిరుడు ఈడ పాము కనవడ్డది బిడ్డా. ఆమె కాడికి రానీకే భయమైతాంది. పిచ్చిచెట్లే గదా."

పోట్లాడుకునే టైం లేదు. ఆ మందు ఆకుల్లోంచి వేరులోకి దిగుతుంది. దిగకముందే చెట్టును మొదలుకంటా నరికితే వేరు బతకొచ్చు, మళ్లీ చిగురెయ్యొచ్చు. ఆయనకు అదే చెప్పాను.

"కాయలున్నయ్ గద?" అన్నాడు.

"పోతయ్. నరకుండ్రి అంకుల్, జల్ది."

అంటుంటే నాకు ఏడుపొచ్చింది. గొడ్డలి ఆయనే పట్టాడు. పచ్చికాయలు సమాధి మీద రాలి తడి సున్నానికి అంటుకున్నాయి. కొమ్మల్ని గేటు బయటికి ఈడ్చేశాం.

ఈస్టర్ రోజు ఇంకా చీకటిగా ఉండగానే పాటలు మొదలయ్యాయి. ఆయన తన భార్య సమాధి దగ్గర మోకరించి, ఒక చేత్తో తునికి మోడును తడుముతున్నాడు.

"ఇంకా చిగురు రాలే బిడ్డా."

"రాకపోవచ్చు అంకుల్. నాక్కూడ తెల్వది."

ఆయన చెయ్యి తియ్యలేదు.

"తెల్లారినంక తోటల ఇంకేం చెట్లున్నయో నాకు చూపియ్యి. ఎవ్వలు చెప్పలే బిడ్డా. తెలిస్తే మందు కొట్టిచ్చేటోన్ని కాదు."