గల్లీలకు బస్సు తిప్పమన్న దినం

చేతిల ఫోన్ దారి చెప్పుడు మాకు కొత్తగ ఎరుకైన దినాలవి. ఇప్పుడు పొల్లగాండ్లు పక్క దుకాణానికి పోవాలన్నా ఫోనే చూస్తరు గని, అప్పుడు నాకైతే అదొక దేవత లెక్కనే. మా ఆయన కాలం చేసి ఏడాది తిరగకముందే, మాదాపూర్ల ఒక అద్దాల ఆఫీసుల ఊడ్చి తుడిచే పని దొరికింది. "మొదటి దినమే ఆలస్యమైతే ఇంకొకామెను పెట్టుకుంట" అని సూపర్‌వైజర్ సారు ముందే చెప్పిండు. నేనేమో మా బోరబండ దాటి ఒక్కదాన్నే ఎన్నడు పోలే. బోర్డు చదవరాదు. మా ఆడబిడ్డ తన పాత ఫోన్ నాకిచ్చి, ఆఫీసు పేరు కొట్టి, "ఫికర్ చెయ్యకు వదినా, ఇది తెలుగులనే చెప్తది, చెప్పినట్టు పో" అన్నది. (ఆమె ఎక్కడికైనా నడిచే పోతది. ఆ ముచ్చట జర యాదిల పెట్టుకోండ్రి.)

పొద్దుగాల ఆమెనే బస్సు ఎక్కించి పోయింది. కిటికి పక్కన కూసొని చూస్తే ఫోన్ల నీలం చుక్క కదులుతున్నది. ఆ చుక్క నేనేనట! నేనెక్కడున్ననో ఇంత సక్కగ ఎన్నడన్న ఎవరన్న పట్టించుకున్నరా? సంబురం ఆగక పక్కన కూసున్న ఆఫీసు పిల్లకు చూపెట్టిన: "చూడు చెల్లె, మనం పోతున్నం!" అంతల ఫోన్లామె "కుడి వైపు తిరగండి" అన్నది. బస్సేమో సీదా పోవట్టె. ఇగ నా పని పోయినట్టే అనుకున్న. "ఓ డ్రైవరన్నా! తప్పు వోతున్నవ్, కుడికి తిప్పు!" అని లేచి మొత్తుకున్న. బస్సంత తిరిగి చూసింది. "గా గల్లీల ఆటోనే పట్టదమ్మా, బస్సెట్ల దూర్చాలె?" అన్నడు డ్రైవరు. "నీకెరుక లేకుంటే ఇగో, ఈమెనడుగు" అని ఫోన్ చాపిన. కండక్టరమ్మ నవ్వీ నవ్వీ టికెట్లు కొట్టుడే మర్చిపోయింది. నాకు రోషమొచ్చింది. "ఆపుండ్రి, నేను దిగి పోత!" అని మెట్టు మీద కాలు వెట్టిన.

ఆఫీసు పిల్ల కొంగు పట్టి గుంజింది. "అక్కా, దిగినవంటే ఎండెక్కినంక చేరుతవ్. ఇది నడిచేటోళ్ల దారి. బస్సు బొమ్మ ఒత్తాలె" అని తనే ఒత్తింది. ఇగ జూడు, ఫోన్ల దారి గీత జరిగి మా బస్సు పోయే రోడ్డు మీదనే కూసున్నది! "గిప్పుడు నా మాట విన్నది నీ ఫోను" అని డ్రైవరన్న నవ్విండు.

గేటు కాడ దిగి ఉరికిన. సూపర్‌వైజర్ సారు ఇంకొకామెతోని మాట్లాడుతుండు. "వచ్చిన సారూ!" అని దూరం నుంచే కేకేసిన. అప్పుడే ఫోన్లామె "మీరు గమ్యం చేరుకున్నారు" అన్నది. "గదే చెప్తున్న కదమ్మా!" అన్న. సారుకు నవ్వాగలే. చీపురు నా చేతికిచ్చిండు. (చీపురును అంత సంబురంగ అందుకున్నదాన్ని నన్నొక్కదాన్నే చూసి ఉంటడు.)

ఇప్పుడా తొవ్వ కండ్లు మూసుకొని పోత. బస్సు ఎక్కంగనే కునుకు పడ్తది. అంతమంది ముందట లేచి, బస్సునే తిప్పమన్న ఆనాటి నన్ను, ఆ పిచ్చిదాన్ని యాది చేసుకుంటే మాత్రం నాలో నేనే నవ్వుకుంట. అది మళ్ళ ఎక్కడికన్న కొత్త తావుకు బయలెల్లితే, దాని ఎంబడి నేను గూడ పోవాలె అనిపిస్తది.