తలలేని నెమలి

ప్రొద్దుటూరు బట్టల అంగడిలో ఒక పెద్దాయన చీరలు చూపించేవాడు. చీర పరవగానే "ఈడ నుంచి కాదమ్మా, గడప కాడికి పోయి చూడండి" అనేవాడు. చీర అందం దూరం నుంచే తెలుస్తుందని ఆయన నమ్మకం.

మా చెల్లెలి పెళ్లిచీర కోసం జమ్మలమడుగు నుంచి వెళ్లినప్పుడు మా ఏడేళ్ల పాపనూ గడప దగ్గర నిలబెట్టాడు.

"అంచులో ఏముండాయి పాపా?"

"ఏం లేవు తాతా. ఎర్రగుడ్డ."

"ముందుకు రా. ఇంకా రా."

ముక్కు చీరకు తగిలాక పాప "నెమలి!" అంది.

ఆయన చీర మడిచేశాడు. "చీర రేపు కొనచ్చులేప్పా. ముందు బిడ్డ కండ్లు చూపియ్యి."

పాప పుస్తకంలో తల దూర్చి చదువుతుంటే, చదువు మీద ఇష్టమని మురిసిపోయిన తండ్రిని నేను. అటునుంచి అటే కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

వారానికి కళ్లజోడుతో తిరిగొచ్చాం. ఆయన అదే చీర పరిచాడు. పాప గడప దగ్గరే గంతులేసింది.

"నెమళ్లు తాతా! శానా ఉండాయి! ఆ మూలదానికి తలకాయ లేదు!"

ఆయన వంగి చూశాడు. నిజమే, నేతలో లోపం. మా చెల్లెలు ఆ చీర వద్దంది.

బేరం పోయిన పెద్దాయన అంగడంతా అదిరేలా అరిచాడు: "చూసినారా? బిడ్డకు కనపడతాంది!"