ఉపగ్రహం కింద నిమ్మకాయ

మా ముత్తాత పల్లకీలో వెళుతుంటే చేతిలోని మజ్జిగ గ్లాసు తొణికేది కాదట. పల్లకీ పోయింది, మేము ఏలిన ఊళ్లూ పోయాయి. తొణకకూడదన్న పట్టుదల ఒక్కటి నాదాకా వచ్చింది. కోకాపేటలో చిన్న ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీలో, రాకెట్ లేచేటప్పటి కుదుపులు ఉపగ్రహానికి తగలకుండా చూడటం నా ఉద్యోగం.

ఉక్కుతీగల చుట్టలతో నేను చేసిన చట్రానికి ఆ రోజు పరీక్ష. నెగ్గకపోతే విదేశీ చట్రం కొంటామని మా మేనేజరు ముందే చెప్పింది. కడప అమ్మాయి, నా కూతురి వయసు.

గోపన్‌పల్లి దగ్గరి పరీక్షశాలలో, కుదిపే బల్ల మీద చట్రాన్నీ, దానిపై ఉపగ్రహం నమూనానూ బిగించాం. కొబ్బరికాయ కొట్టాం. మా ఇంట్లో నిమ్మకాయ పెట్టకుండా ఏ వాహనమూ కదిలేది కాదని నేను గుర్తుచేశాను. మా డ్రైవరు నిమ్మకాయ పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాడు.

"దీనికి చక్రాలే లేవు కద సార్. యాడ పెట్టాలె?"

"కింద ఎక్కడో ఒకచోట పెట్టవయ్యా," అన్నాను, అటు చూడకుండానే. ఇలాంటి వివరాలు మా వంశంలో ఎవరూ స్వయంగా చూసుకోలేదు.

బల్ల కదిలింది. తెర మీద నిలకడగా సాగాల్సిన గీత ఎగిరెగిరి పడింది. కుదుపంతా నమూనాకే తగులుతోంది. మేనేజరు బల్ల ఆపించింది.

"విదేశీదే తెప్పిస్తాంలే సార్."

"నా చట్రంలో లోపం ఉండదు."

"అయితే కిందికి వంగి చూడండి. నిలబడి చెప్తే ఎట్ల సార్?"

వంగడం మా ఇంట అలవాటు లేని పని. కానీ వంగకపోతే వచ్చేది విదేశీ చట్రం. వంగాను. చట్రం ఊగడానికి నేను వదిలిన సందులో నిమ్మకాయ బిగుసుకుని ఉంది.

"ఇక్కడ పెట్టావేమిటయ్యా?"

"మీరే కింద పెట్టమంటిరి కద సార్. జారిపోతదని జర గట్టిగ కుక్కిన."

పీకి తీశాను. బల్ల మళ్లీ ఆడింది. గీత ఈసారి బుద్ధిగా సాగింది.

"పాసయింది సార్. ఇంగ మీ చట్రమే," అంది మేనేజరు. "దానికి నాకు ఇంత వంగి దండం పెట్టాల్నా?"

రెండు చేతుల మధ్య నిమ్మకాయతో నేను ఇంకా వంగే ఉన్నాను. నడుము పట్టేసింది.

"మర్యాద తెలిసిన వంశమమ్మా," అన్నాను.

కారు వెనక సీట్లో పడుకుని తిరిగి వచ్చాను. స్పీడ్ బ్రేకర్లన్నీ నా వెన్నుకు పేరుపేరునా పరిచయమయ్యాయి.

"సార్, గా ఉక్కుతీగల చుట్టలు ఈ సీటు కింద గిట్ల పెట్టిస్తే?" అన్నాడు డ్రైవరు.

"అవి ఉపగ్రహాలకు," అన్నాను, పడుకునే.